కూనతో పలికే మాట... మీతో మీరు పలకండి!

పాలగిన్నె తన్నేసిన పిల్లికూనను చూసి మనమేమంటాం? "అయ్యో బంగారం! కాళ్ళు తడిశాయా?" అంటాం. అదే గిన్నె మన చెయ్యి తగిలి ఒలికిపోతే? "ఛీ! కళ్ళు నెత్తికెక్కాయా? ఒక్క పనీ చేతకాదు నీకు!" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. పైకి అనకపోయినా లోపల అనేసుకుంటాం. ఒలికినవి అవే పాలు, తుడిచేది అదే గుడ్డ. మాటలు మాత్రం రెండు రకాలు!

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇల్లాలు ఎందరితోనో మాట్లాడుతుంది. అందరికంటే ఎక్కువగా మాట్లాడేది మాత్రం తనతో తనే. అన్నం మెత్తబడినా, పిల్లలకు మార్కులు తగ్గినా, చుట్టాలకు ఫోన్ చేయడం మరిచిపోయినా లోపలి నుంచి ఒక గొంతు వెంటనే లేస్తుంది. ఆ గొంతు మన పక్కింటావిడదైతే ఆమెతో ఏనాడో మాటలు మానేసేవాళ్ళం! మనదే గనక రోజూ వింటున్నాం.

ఈ గొంతును మెత్తబరచుకోవడానికి పెద్ద పెద్ద పుస్తకాలు చదవనక్కరలేదు. ఇంట్లో ఒక కూన ఉంటే చాలు. ఎందుకంటారా? ఆ మెత్తని మాట మనకు రాదని కాదు, వచ్చు. దాన్ని మన మీద వాడుకోవడమే అలవాటు లేదు. హనుమకొండలోని మా ఇంట్లో తల్లిలేని కూనలను సాకిన కొద్ది నెలల్లో నాకు అర్థమైంది ఇదే. కూనల పెంపకం గురించీ, ఈ మాటల సంగతి గురించీ కలిపే చెబుతాను.

ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

వానాకాలం వచ్చిందంటే ఓరుగల్లు పాత పెంకుటిళ్ళ అటకల మీదా, అపార్టుమెంట్ల మెట్ల కిందా, కాజీపేట రైల్వే క్వార్టర్ల పెరళ్ళలోనూ సన్నటి 'మ్యావ్'లు వినిపిస్తాయి. 2023 జులైలో కుండపోత వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినప్పుడు మనుషులకే నిలవ నీడ లేకపోయింది. ఇక నోరులేని జీవాల సంగతి చెప్పాలా?

కూన ఏడుపు వినగానే ఎత్తుకొచ్చేయాలనిపిస్తుంది. ఆగండి! "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది" అని మన పెద్దలు ఊరికే అనలేదు. తల్లి పిల్లి కూనలను నోట కరుచుకుని ఒక్కొక్కటిగా చోటు మారుస్తుంది. ఒకదాన్ని దింపి, రెండోదాని కోసం వచ్చేసరికి మనం దాన్ని ఎత్తుకుపోతే తల్లీబిడ్డలను విడదీసిన వాళ్ళమవుతాం. తిండి కోసం కూడా తల్లి కొన్ని గంటలు బయటికి వెళ్తుంది. వానలో తడుస్తున్నా, కుక్కల భయం ఉన్నా, ఒంటికి దెబ్బ తగిలినా సరే, వెంటనే తియ్యాలి. లేకపోతే దూరంగా నిలబడి కనిపెట్టాలి. కూనలు శుభ్రంగా, పొట్టలు నిండుగా, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి ఉన్నట్లే లెక్క.

మా వెనక షెడ్డులోని కూనల తల్లి బండి కింద పడి పోయిందని వీధిలో చూసినవాళ్ళు చెప్పారు. అలా మూడూ ఇంట్లోకి వచ్చాయి. అప్పటికి కళ్ళు తెరిచి రెండు మూడు రోజులై ఉంటుంది. నల్లదానికి 'మినుము', ఎర్రదానికి 'కంది', అన్నింటికంటే చిన్నదైన తెల్లదానికి 'సగ్గుబియ్యం' అని పిల్లలు పేర్లు పెట్టేశారు.

మూడు గంటలకోసారి...

పసికూన చల్లబడి ఉంటే ముందు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. చలికి వణికే కూనకు పాలు పోస్తే అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. మొదటి వారాల్లో కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. గోరువెచ్చని నీళ్ళ సీసాకు మందపాటి గుడ్డ చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టండి. వేడి ఎక్కువనిపిస్తే కూన పక్కకు జరగడానికి చోటుండాలి.

ఇక పాలు. ఆవు పాలుగానీ, గేదె పాలుగానీ పొయ్యకండి. వాటికి అరగక విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న ఒంట్లోంచి నీరు పోతే తట్టుకోలేదు. కూనల కోసమే తయారుచేసే పాలపొడి పెట్ షాపుల్లో, పశువుల మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చగా కలిపి, చిన్న సీసాతోనో, సూది తీసేసిన సిరంజితోనో చుక్క చుక్కగా తాపాలి. మన పసిపిల్లల్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి తాపినట్టు కూనకు తాపకూడదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా ఉంచాలి. మొదటి రెండు వారాలూ రెండు మూడు గంటలకోసారి తాపాల్సిందే, రాత్రిళ్ళు కూడా.

మూడు వారాలు నిండేదాకా కూనలు తమంతట తాము మలమూత్రాలకు పోలేవు. తల్లి నాకి పోయిస్తుంది. తల్లి లేనప్పుడు గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పాలు తాపిన ప్రతిసారీ మెల్లగా తుడవాలి. వంటింటి త్రాసుకు ఇక్కడ మంచి పని ఉంది. పుట్టినప్పుడు వంద గ్రాములకు అటూఇటూగా ఉండే కూన రోజుకు పది పదిహేను గ్రాములు పెరగాలి. రోజూ ఒకే వేళకు తూచి కాలెండరు మీద రాసుకోండి. ఒకరోజు పెరగకపోయినా, తగ్గినా పశువైద్యునికి చూపించాలి.

నాలుగో వారం నుంచి మెత్తటి తిండి అలవాటు చేయొచ్చు. ఉప్పూకారం వెయ్యకుండా ఉడికించి మెదిపిన కోడిమాంసం కొంచెం కొంచెం పెట్టినా, అసలు తిండి మాత్రం కూనల కోసం తయారుచేసిందే కావాలి. పిల్లి మాంసాహారి. పెరుగన్నంతో పెంచుదామంటే దాని ఒంటికి సరిపోదు.

దక్కని కూన

ఇంత చేసినా అన్ని కూనలూ దక్కవు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. మా సగ్గుబియ్యం ఆరో రోజున పోయింది. ఆ సాయంత్రం పాలు తాగింది. అర్ధరాత్రి పాలవేళకు లేచి చూస్తే చల్లబడుతోంది. వెచ్చగా గుండెకు హత్తుకుని కూర్చున్నాను. తెల్లవారుతుండగా ఊపిరి ఆగిపోయింది. మిగిలిన రెండింటినీ తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు అంతా విని, "ఇంత చిన్నవాటిలో జబ్బు బయటపడేసరికే ఆలస్యమవుతుందమ్మా. తల్లి దగ్గర పెరిగే వాటిలోనూ కొన్ని ఇలాగే పోతాయి. మీరు చేయగలిగిందంతా చేశారు" అన్నారు.

ఆయన చెప్పింది చెవికి వినబడింది. కానీ లోపలి గొంతు ఒప్పుకుంటుందా? "నీ చేతుల్లో పెట్టిన ప్రాణం నిలిచిందా? సాయంత్రమే కనిపెట్టొద్దూ?" అంటూ వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా వదలదు. పెంచిన మొక్క ఎండినా, కడుపు నిలవకపోయినా, పెద్దవాళ్ళు మంచంపట్టి కన్నుమూసినా ఎందరో ఆడవాళ్ళు లోపల వినేది ఈ గొంతునే. ఇంట్లో ఏది చెడినా తన చేతి తప్పే అనుకోవడం మనకు చిన్ననాటి నుంచీ నేర్పిన చదువు.

పాలసిరంజి పట్టుకుని కదలకుండా కూర్చున్న నా దగ్గరికి మా అత్తమ్మ వచ్చారు. పిల్లులంటే ఆమెకు మొదటి నుంచీ పెద్ద ఇష్టం లేదు. పొద్దున్నే పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి కూర్చునే కాలం మనిషి. "ఏడ్పొస్తె ఏడువు బిడ్డా. పానమున్నదాన్ని సాదినోళ్ళకు ఎవ్వరికైనా గిది తప్పది. మిగిలిన రెండిటికి పాలు తాపే యాళ్ళయింది, మెల్లగ లే" అన్నారు.

అంతే! నాలుగు ముక్కలు. కానీ వాటిని విడదీసి చూస్తే చాలా ఉంది.

మూడు పోగుల తాడు

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో 'తన మీద తనకు కరుణ' అనే విషయం మీద పరిశోధన పత్రాలు ప్రచురించింది. దానికి మూడు పోగులున్నాయని ఆమె చెబుతుంది. ఒకటి, బాధను దాచకుండా, భూతద్దంలో చూడకుండా ఉన్నదున్నట్టు గుర్తించడం. రెండు, ఇది నాకొక్కదానికే వచ్చింది కాదు, మనుషులందరికీ వచ్చేదే అని తెలుసుకోవడం. మూడు, తనను తాను తిట్టుకోకుండా దయగా పలకరించుకోవడం.

ఇప్పుడు మళ్ళీ అత్తమ్మ మాట చూడండి. "ఏడ్పొస్తె ఏడువు" - ఇది మొదటిది. "ఎవ్వరికైనా గిది తప్పది" - ఇది రెండోది. "మెల్లగ లే" - ఇది మూడోది. పైగా ఆ మూడో ముక్కలోనే చేయాల్సిన పని కూడా ఉంది! మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దుఃఖంలో ఉన్న వాళ్ళను ఓదార్చేటప్పుడు ఎప్పటి నుంచో ఇవే మాటలు వాడుతున్నారు. పక్కవాళ్ళకు చెప్పడం మనకూ వచ్చు. మనకు మనం చెప్పుకోవడం దగ్గరే గొంతు పెగలదు.

ఇది గారాబం కాదు సుమా!

"ఇలా తనను తాను బుజ్జగించుకుంటూ పోతే మనిషి సోమరి అయిపోదూ? నాలుగు తిట్లు తిట్టుకుంటేనే కదా బుద్ధొచ్చేది?" అని మీరు అడగొచ్చు. ఈ సందేహం చాలామందికి వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు దీన్నే పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. కష్టమైన పరీక్షలో సరిగ్గా రాయలేకపోయిన విద్యార్థుల్లో, తమ మీద తాము దయగా ఉండమన్న వాళ్ళే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారట!

ఇందులో వింతేమీ లేదు. కూనకు ఇసుక తొట్టి అలవాటు చేసినవాళ్ళను అడగండి. మంచం కింద తడిపిందని కొట్టి, ముక్కును అక్కడ రుద్దితే కూన నేర్చుకునేది ఒక్కటే: మన నుంచి దాక్కోవడం. ఆ తర్వాత మంచం కింద కాదు, బీరువా వెనక తడుపుతుంది! అదే, ఏమీ అనకుండా శుభ్రం చేసి, తొట్టిని దానికి అందేచోట పెట్టి, తిన్న వెంటనే తెచ్చి అందులో దించితే కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో చూడడం వేరు, చేసినవాళ్ళను చితక్కొట్టడం వేరు.

మన మనసూ అంతే. తిట్లకు భయపడ్డ మనసు తప్పును సరిదిద్దదు, దాచిపెడుతుంది. "నేనింతే, నాకేదీ రాదు" అనుకున్నాక ఇక నేర్చుకోవడానికి ఏముంది? "ఉప్పు ఎక్కువైంది, రేపు కొలిచి వేద్దాం" అనుకుంటే రేపటి కూర బాగుపడుతుంది.

గొంతులోనే ఉంది అంతా

పిల్లులకు మన మాటల అర్థం తెలియకపోయినా మన గొంతు తెలుసు. ఫ్రాన్సులో షార్లెట్ దె ముజోన్ బృందం 2022లో ప్రచురించిన పరిశోధనలో పదహారు పిల్లులకు మాటల రికార్డింగులు వినిపించారు. యజమాని తోటి మనుషులతో మాట్లాడే గొంతుకూ, తమతో ముద్దుగా మాట్లాడే గొంతుకూ తేడాను అవి పసిగట్టాయి. పరాయివాళ్ళ గొంతైతే ఆ తేడాను పట్టించుకోలేదు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ఇంకో ముచ్చట చెప్పారు: పిల్లి వంక చూస్తూ కళ్ళు మెల్లగా అరమోడ్చి తెరిస్తే అది కూడా తిరిగి అలాగే చేస్తుందట, దగ్గరికి రావడానికీ ఇష్టపడుతుందట. మా కంది మీద ప్రయత్నించాం. బీరువా మీంచి దిగొచ్చింది!

మాట ఏమిటన్నదే కాదు, ఎలా అన్నామన్నది కూడా ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది కదూ! ఈ కింది పద్ధతులు వారం రోజులు పాటించి చూడండి.

1. తిట్టును పట్టుకోండి: రోజులో మిమ్మల్ని మీరు ఏమని తిట్టుకున్నారో పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీలో రాయండి. ఉన్నదున్నట్టు, అవే మాటల్లో. రెండు రోజులయ్యేసరికి నాలుగైదు తిట్లే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని తెలుస్తుంది.

2. కూనకు చెప్పి చూడండి: అదే మాటను ఒళ్ళో ఉన్న కూనతో అనగలరా? "మొద్దు మొహమా, నువ్వెందుకూ పనికిరావు" అని దాని కళ్ళలోకి చూసి అనండి చూద్దాం! నోరు రాదు. అయితే దానితో ఏమంటారో అది పక్కన రాసుకోండి.

3. పేరు పెట్టి పిలుచుకోండి: అమెరికాలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆందోళనగా ఉన్నప్పుడు 'నేను' అనుకునేకన్నా తన పేరుతో తనను పిలుచుకుని మాట్లాడుకున్నవాళ్ళు స్థిమితంగా ఉండగలిగారు. మీ పేరు లక్ష్మి అనుకోండి. "లక్ష్మీ, ఫికర్ చెయ్యకు. ముందు ఈ ఒక్క పని చూద్దాం" అనుకోండి. మీ అమ్మ మిమ్మల్ని పిలిచే ముద్దుపేరుంటే మరీ మంచిది.

4. అబద్ధపు పొగడ్తలు వద్దు: "నేను మహారాణిని, నాకు తిరుగులేదు" అంటే మనసు నమ్మదు. "ఈ రోజు బాగా అలసిపోయాను. అందుకే విసుక్కున్నాను. కాసేపు కూర్చుంటాను" అంటే నమ్ముతుంది. దయ అంటే నిజాన్ని మెత్తగా చెప్పడం.

5. పిల్లల ముందు పైకి అనండి: చెయ్యి జారి గ్లాసు పగిలితే "పోనీలే, గాజు ముక్కలు జాగ్రత్తగా ఏరుదాం" అని వినబడేలా అనండి. మీరు మీతో మాట్లాడుకునే తీరునే రేపు మీ అమ్మాయి తనతో తాను మాట్లాడుకుంటుంది.

కోతిపిల్ల - పిల్లికూన

మన పెద్దలు ఈ సంగతిని ఇంకోలా చెప్పారు. శ్రీవైష్ణవంలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లికూన ఏమీ పట్టుకోదు. తల్లే దాన్ని నోట కరుచుకుని మోసుకుపోతుంది. భక్తుడికీ భగవంతుడికీ చెప్పిన పోలిక ఇది.

ఇంటి సంగతికి దీన్ని అన్వయించుకుంటే, ఇల్లాలు ఏళ్ళ తరబడి కోతిపిల్లలాగే బతుకుతుంది. తాను పట్టు సడలిస్తే అంతా కూలిపోతుందని భయం. వారంలో ఒక్కరోజైనా కూనలా ఉండి చూడండి. "ఈ పూట వంట మీరు చూసుకోండి, నాకు ఒంట్లో బాగాలేదు" అంటే ఇల్లేమీ కూలిపోదు. సగ్గుబియ్యం పోయిన రాత్రి పాలవేళకు మావారు లేచారు. ఆ మర్నాటి నుంచి ఇద్దరం వంతులేసుకున్నాం. అప్పటిదాకా నేను అడగలేదు, ఆయనకు తోచలేదు.

కూనలున్న ఇంట్లో ఈ జాగ్రత్తలు మరవకండి

* మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషం. చిన్న ముక్క కూడా వెయ్యకండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కలరా ఉండలు, లిల్లీ జాతి మొక్కలు కూడా ప్రమాదమే.

* ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, కాళ్ళు నాక్కుంటే పిల్లికి హాని. కూనలు తిరిగే గదిని సబ్బునీళ్ళతో తుడవండి.

* రెండు నుంచి ఏడు వారాల వయసులో మనుషుల చేతులకు అలవాటైన కూనలు పెద్దయ్యాక బెదరవు. రోజూ కాసేపు మెల్లగా ఎత్తుకోండి.

* ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించండి. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వెయ్యాలో డాక్టరుగారిని అడగండి.

* ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. ఆ వయసుకే ఆపరేషన్ గురించి మాట్లాడండి. లేకపోతే తొమ్మిది వారాల్లో మళ్ళీ కూనలు!

* పిల్లి కరిచినా, రక్కినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చిన్న గీతే కదా అని పసుపు అద్ది ఊరుకోవద్దు.

* గర్భిణులు ఇసుక తొట్టిని ముట్టుకోకూడదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల కడుపులో బిడ్డకు హాని జరగొచ్చు. ఇంట్లో ఇంకెవరైనా రోజూ తొట్టి శుభ్రం చేస్తే భయం తగ్గుతుంది.

* సాకలేమనుకుంటే ముందే మంచి ఇల్లు వెతకండి. పెంచిన జీవాన్ని వీధిలో వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

మాటలు చాలనప్పుడు

ఒక మాట. లోపలి గొంతు తిట్టడంతో ఆగకుండా "నువ్వు బతికి ఏం లాభం?" అనేదాకా వస్తున్నా, వారాల తరబడి నిద్రాహారాలు సరిగ్గా లేకపోయినా, అది కూనలతోనో, పుస్తకంలో రాసుకోవడంతోనో సర్దుకునేది కాదు. దాపరికం వద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'టెలి మానస్' సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే ఇదీను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

"పిల్లికి బిచ్చం పెట్టనివాడు" అని పిసినారిని అంటుంటాం. ఆ లెక్కన మన ఇల్లాళ్ళు పరమ దయామయులు. పిల్లికీ పెడతారు, కుక్కకూ పెడతారు, గుమ్మంలో నిలబడ్డ ఎవరినీ ఉత్త చేతులతో పంపరు. పిసినారితనమంతా తమకు తాము ఒక మంచిమాట పెట్టుకోవడంలోనే!

ఈ రాత్రి గిన్నెలు సర్దేశాక, దీపం తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ రోజు చేసిన పనుల్లో ఒకదాన్ని తలచుకుని, మీ పేరు మీరే పిలుచుకుని, "బాగా చేశావు, ఇక పడుకో" అనండి. మొదటిసారి నవ్వొస్తుంది. రానివ్వండి. పదోసారికి నిద్రొస్తుంది.